సూదిలో దారం

ఫిబ్రవరి 4, ఆదివారం

పొద్దున పెద్దమ్మ ముందు గది కిటికీకి ఒక తెరే తీసింది. ఆ కిటికీకి రెండు తెరలు. కుడివైపు దాన్ని లాగి కొక్కేనికి తగిలించి, "హమ్మయ్య, ఇప్పుడు ఇల్లు ఇల్లులా ఉంది" అంటూ వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఎడమ తెర అలాగే వేలాడుతోంది. కుట్టు మిషను మీద ఎండ పడకూడదని వదిలి ఉంటుంది.

మిషను ఉన్నది కుడివైపు. ఏమో, ఆమె లెక్కలు ఆమెకుంటాయి.

గుడిలో పాస్టరుగారు సంఘ వార్షికోత్సవం తేదీ చెప్పారు. మార్చి మొదటి ఆదివారం. బయటి సంఘాల వాళ్ళు కూడా వస్తారట. "మన సంఘానికి దేవుడిచ్చిన సాక్ష్యం మన అక్కగారు. ఆ రోజు మళ్ళీ మన అందరి ముందూ సూది పట్టుకుంటారు" అన్నారు. చప్పట్లు. పెద్దమ్మ తల వంచుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఏడాది కిందట ఇలా జరుగుతుందని ఎవరైనా అంటే ఇద్దరం నవ్వేవాళ్ళం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మాది వెనక నుంచి రెండో బల్ల. పెళ్ళి చేసుకోని దర్జీ, ఆమె పెంచుకున్న చెల్లెలి కూతురు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. ఇప్పుడు ముందు బల్ల.

పెద్దమ్మకి నీటికాసులు, ఆసుపత్రి భాషలో గ్లకోమా. ఏళ్ళ తరబడి పొద్దునా సాయంత్రం కళ్ళలో చుక్కలు వేసుకుని, మంటకి రుమాలు అద్దుకుని కూర్చునేది. పోయిన వానాకాలం ఉపవాస ప్రార్థనల్లో పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యి ఉంచారు. మర్నాడు చుక్కలు వెయ్యలేదు. మంట లేదు. ఆ తర్వాత కూడా వెయ్యలేదు, మంట లేదు. వారం తిరక్కుండానే గుడిలో లేచి, కళ్ళు బాగయ్యాయని చెప్పింది. పాస్టరుగారు అప్పటికప్పుడు సూదీ దారం తెప్పించారు. ఒక్కసారికే ఎక్కించింది.

ఈ రోజు పాట మొదలవగానే అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను, మోచేతుల దాకా.

ఫిబ్రవరి 6, మంగళవారం

నా గదికి కిటికీ లేదు. కళ్ళాసుపత్రిలో చీకటి కావాల్సిన గది అదొక్కటే, సరిగ్గా నాకే ఇచ్చారు. బల్ల మీద యంత్రం, తెల్లటి పెద్ద గిన్నెను పక్కకి పడుకోబెట్టినట్టుంటుంది. రోగి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, లోపల మధ్యలో ఉన్న పసుపు చుక్కను చూడాలి. చుట్టూ ఎక్కడెక్కడో చిన్న వెలుగులు మిణుక్కుమంటాయి. కనిపిస్తే చేతిలో మీట నొక్కాలి. చూపు ఎంతమేర ఉందో యంత్రం గీసి ఇస్తుంది.

ఈ రోజు ఒక లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరయ్యారు. కూర్చున్నప్పటి నుంచి టకటకా నొక్కుతూనే ఉన్నారు.

"మాస్టారూ, కనిపిస్తేనే నొక్కండి."

"కనిపిస్తూనే ఉన్నాయమ్మా, వరసపెట్టి!"

యంత్రం అప్పుడప్పుడు చప్పుడు మాత్రం చేసి వెలుగు చూపించదు, మనిషిని పరీక్షించడానికి. మాస్టారు వాటన్నిటికీ నొక్కారు. పరీక్ష పనికిరాలేదు. దీపం వేశాక చెప్పాను.

"ఫెయిలయ్యానా?"

"అదేం లేదండీ. మళ్ళీ చేద్దాం. పసుపు చుక్కనే చూడండి. వెలుగు కోసం వెతకొద్దు. కనిపించకపోతే ఊరుకోండి. మంచి కళ్ళకి కూడా సగం వెలుగులు కనిపించవు, కంగారుపడకండి."

ఆయన రుమాలుతో మీట తుడిచి ఇచ్చారు. "నొక్కకపోతే గుడ్డివాణ్ణంటారని" అన్నారు, పిల్లాడిలా.

ఆదివారం నా మోచేతులు గుర్తొచ్చాయి.

మధ్యాహ్నం వరండాలో డాక్టరమ్మగారు ఆపారు. "మీ పెద్దమ్మగారు వానల ముందు వచ్చారు. మళ్ళీ కనబడలేదే?"

"ఊరెళ్ళిందండీ."

"చుక్కలు వేసుకుంటున్నారుగా?"

తలూపాను.

ఫిబ్రవరి 7, బుధవారం

మాకు వెళ్ళడానికి ఏ ఊరూ లేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఈ రోజు కూడా రాలేదు.

ఏది రాలేదో ఇక్కడైనా రాయాలి. ఆ వానాకాలపు ఆదివారం పెద్దమ్మ వేదిక మీద దారం కొసను పెదవుల మధ్య తడిపి, సూదిని వెలుగుకెత్తి ఎక్కించినప్పుడు, "సూది బెజ్జంలో ఒంటె సంగతి దేవుడెరుగు, మన అక్కగారి దారం మాత్రం దూరింది" అన్నారు పాస్టరుగారు. గుడంతా నవ్వు, ఏడుపు. నాకూ ఏడుపొచ్చింది. గుడిలో నేను ఏడవడం అదే మొదలు. లోపల ఎక్కడో ఎవరో తలుపు కొంచెం తీసి, నేనున్నానో లేదో చూసినట్టయింది. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తుంటే పెద్దమ్మ నన్నే చూస్తోంది. ఆమె ముఖం అంత నిండుగా నేనెప్పుడూ చూడలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ తలుపు దగ్గరే కూర్చుంటున్నాను. పాటలు పాడతాను. వాక్యం రాసుకుంటాను. పక్కవాళ్ళ కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే దొంగచూపులు చూస్తాను. ఆకలితో ఉన్నవాళ్ళు హోటలు అద్దంలోంచి చూసినట్టు.

కాన్వెంటులో చదివేటప్పుడు మధ్యాహ్నం అన్నాల తర్వాత నేను వాళ్ళ ప్రార్థన గదిలోకి, చాపెల్లోకి వెళ్ళేదాన్ని. మాది వాళ్ళ సంఘం కాదు కాబట్టి నన్ను ఎవరూ మోకరించమనేవాళ్ళు కాదు. చివర కూర్చుని ఎర్ర దీపం చూసేదాన్ని. కవిత్వం చెప్పే సిస్టరు ఒకసారి, "రోజూ ఏం అడుగుతావు?" అన్నారు.

"ఏమీ అడగను సిస్టర్. కూర్చుంటాను."

"అడుగు. మొహమాటపడేవాళ్ళకి కూడా ఆయన ఇస్తాడు."

ఇన్నేళ్ళకి అడుగుతున్నాను. ఒక్కసారి. ఆ రోజులాగా ఇంకొక్కసారి.

అమ్మ గుర్తొచ్చింది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నుదుటి నుంచి గడ్డం దాకా రెండు చేతులతో తడిమేది. చాలాసేపు. మళ్ళీ మొదటి నుంచి. నేనంటే అంత ముద్దు. అమ్మ గురించి నాకు బాగా గుర్తున్నది అదొక్కటే. దేవుడు నన్ను అలా ఒక్కసారి తడిమితే చాలు.

ఫిబ్రవరి 13, మంగళవారం

పాటల బృందానికి వార్షికోత్సవం కోసం తెల్ల అంగీలు పెద్దమ్మే కుడుతోంది. సాయంత్రం రాగాల ఆంటీ కొలత చూసుకోవడానికి వచ్చింది. ఆమె బృందానికి పెద్ద. మామూలుగా మాట్లాడినా పాడినట్టే ఉంటుంది, అందుకే ఆ పేరు. ముఖం మీద మాత్రం ఎవరూ అనరు.

అంగీ తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఎడమ చెయ్యి ఊపింది. చెయ్యి కనిపించలేదు, గుడ్డ ఊగింది.

"ఏం వదినా, ఈ చెయ్యి నాదా, మా ఆయనదా?"

"నువ్వు పాడేటప్పుడు చేతులు మేడెక్కిస్తావుగా. అప్పుడు సరిపోతుందిలే" అంది పెద్దమ్మ.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆంటీ అంగీ విప్పుతూ నా వైపు తిరిగి, "మీ పెద్దమ్మ నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదమ్మా" అంది.

ఆమె వెళ్ళాక మిగతా అంగీలు చూశాను. పెద్దమ్మ బట్టను బోర్లా పరిచి కొలుస్తుంది, అది ఆమె అలవాటు; అంగీ ఎడమ చెయ్యి ఆమెకీ ఎడమవైపే వస్తుంది. అన్నిటికీ కుడి చెయ్యి గీత గీసినట్టుంది. అన్నిటికీ ఎడమ అంచు వంకర, ఒకదానిమీద కుట్టు గుడ్డ దాటి గాల్లోకి పోయింది.

పెద్దమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు రెండు విప్పి నేను మళ్ళీ మడిచి కుట్టాను. మిగతావి రేపు. పాత మిషను కదా, ఎడమవైపు లాగేస్తుంది.

ఫిబ్రవరి 14, బుధవారం

ఈ మధ్య పెద్దమ్మ మాటిమాటికీ మెడ తిప్పి చూస్తోంది. చలికి పట్టేసిందేమో.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఈ రోజు బల్ల ఆరాధన. రొట్టె పంచడం అయ్యాక సంఘ పెద్ద ఒకాయన ద్రాక్షరసం చిన్న గిన్నెలున్న పళ్ళెం పట్టుకుని వరస వెంట వచ్చారు. పెద్దమ్మకి ఎడమవైపు నిలబడి పళ్ళెం వంచారు. పెద్దమ్మ ఎదురుగా చూస్తూ చిన్నగా నవ్వుతూ కూర్చుంది. ఆయన ఆగారు. పళ్ళెం ఆమె భుజానికి జానెడు దూరంలో ఉంది. ఆమె చూడలేదు. వెనక బల్లలో ఎవరో "చూడు, ఎంత లోతుగా ప్రార్థనలో ఉందో" అని గుసగుసలాడారు. పెద్దాయన కూడా కళ్ళు మూసుకుని, పళ్ళెంతో సహా, భక్తిగా వేచి ఉన్నారు.

నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గిన్నె మీద పెట్టాను. వేళ్ళకి తగలగానే ఉలిక్కిపడింది. చుక్క ఒకటి ఒలికి బల్ల మీద పడింది. కర్చీఫుతో అద్దాను.

ఆమె ప్రార్థనలోనే ఉంది. నేనూ అలాగే అనుకున్నాను.

అలాగే అనుకున్నాను అని రాశాను. సరే, ఉండనీ.

ఫిబ్రవరి 20, మంగళవారం

పరీక్ష కాగితం ఇవ్వడానికి వెళ్ళేసరికి డాక్టరమ్మగారు ఒక రోగి కొడుక్కి చెబుతున్నారు. "ఇది అంచుల నుంచి తింటూ వస్తుంది బాబూ. నడి చూపు అన్నిటికంటే చివర పోతుంది. మీ నాన్నగారు పేపరు చదువుతున్నారంటే బాగున్నట్టు కాదు. సూదిలో దారం ఎక్కించేవాళ్ళు కూడా గుమ్మం తగిలి పడిపోతారు."

ఈ మాట నేను ఈ ఉద్యోగంలో చేరిన వారం నుంచీ వింటున్నాను. నేనూ చెబుతాను. ఆ ఆదివారం వేదిక కింద కూర్చున్నప్పుడు కూడా నాకు తెలుసు. ఆ సూది దేన్నీ రుజువు చెయ్యదని తెలిసే ఏడ్చాను.

భోజనం దగ్గర, ఆసుపత్రి చీటీల కౌంటరులో కూర్చునే అక్క డబ్బా మూత తీస్తూ, "ఏమమ్మా సిస్టరమ్మా" అంది. కాన్వెంటులో చదివానని, ఎక్కువ మాట్లాడనని నాకు ఆమె పెట్టిన పేరు. "ఊరెళ్ళిన మీ పెద్దమ్మ నిన్న సందు మలుపులో కనబడింది. నేను ఎడమవైపు నుంచి పిలుస్తుంటే కుడివైపు వెతుకుతోంది. సైకిలువాడు తిట్టుకుంటూ పోయాడు."

నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను.

"దీపం కింద చీకటని ఊరికే అన్నారా. ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ నీ చేతుల మీదుగా పోతాయి. మీ ఇంట్లో ఒక జత ఉంటే చూడవే?"

"ఆమెకి బాగయిందక్కా. గుడిలో చెప్పింది."

"నువ్వు అన్నది నువ్వైనా విన్నావా?" అని, నా కంచంలో తన కూర కొంచెం వేసింది.

సంచిలో చుక్కల సీసా ఉంది. పోయిన నెల కొన్నాను. ఎందుకు కొన్నానో అప్పుడు ఇక్కడ రాయలేదు.

ఫిబ్రవరి 22, గురువారం

పని అయ్యాక గుడికి వెళ్ళాను. పాస్టరుగారు వేదిక వెనక గదిలో నేల మీద కూర్చుని మైకు వైర్ల చిక్కు తీస్తున్నారు.

"రా తల్లీ. ఈ వైర్లున్నాయే, మన సంఘంకన్నా ఎక్కువ కొట్లాడుకుంటాయి."

నేను దారిలో అనుకుంటూ వచ్చిన వాక్యం ఒకటుంది. అది పోయింది. ఇంకోటి వచ్చింది. "అయ్యగారూ, పెద్దమ్మని చుక్కలు మానెయ్యమని మీరు చెప్పారా?"

"నేనా?" ఆయన నిజంగానే తెల్లబోయారు. "షుగరు మాత్ర వేసుకోనిదే పొద్దున ప్రార్థనకి కూర్చోను నేను. మానేసిందా ఆవిడ?"

"అప్పుడే. వానాకాలంలో."

"నాతో అనలేదే!"

"మీరు అడగలేదండీ."

ఆ మాట అన్నదెవరా అని నాకే అనిపించింది. ఆయన చేతిలో వైరు కింద పెట్టారు. "ఈ ఒక్క సభ కానిద్దామా?" అన్నారు. "ఎక్కువ రోజులు లేవు. కరపత్రాల మీద ఆవిడ సాక్ష్యమనే వేశాం." అంటూనే ముఖం రెండు చేతులతో తుడుచుకున్నారు, తన మాట తనకే చేదయినట్టు. "ఇన్నేళ్ళ సేవలో నా చేతుల మీద అలాంటిది ఒక్కటీ జరగలేదు తల్లీ. ఆ రోజు ఒక్కటే. ఇంటికి వెళ్ళి మా ఆవిడ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని వెళ్ళాను. ఆయన కూడా ఆ తలుపు దగ్గరే కూర్చుని ఉన్నారు.

వైరు చిక్కు ఒకటి నేను తీసి వచ్చాను.

ఫిబ్రవరి 24, శనివారం

మధ్యాహ్నం. పెద్దమ్మ ఆఖరి అంగీకి గుండీలు కుడుతోంది. కుడి తెర తీసి ఉంది. ఎడమ తెర వేసి ఉంది. నేను వెళ్ళి ఆ తెర పక్కన నిలబడ్డాను.

"పెద్దమ్మా, తెర తియ్యవేం?"

"పొద్దున్నే తీశానుగా."

"ఇంకోటి."

"ఇంకోటేంటి?"

సూది అంగీకి గుచ్చి, తల పూర్తిగా ఇటు తిప్పింది. అప్పుడు కనిపించింది ఆమెకి. తెర, తెర పక్కన నేను.

"ఎప్పటి నుంచి అలా ఉంది?"

"ఈ నెలంతా."

"మరి నువ్వు తియ్యలేదేం?"

ఆమె నన్ను చూసి, "అయితే నీకు తెలుసన్నమాట" అంది.

"నీకూ తెలుసా?"

"నా కళ్ళు నాకు తెలియవుటే పిచ్చిదానా? మొదట నిజంగానే నమ్మాను. మంట పోయింది గనక జబ్బు పోయిందనుకున్నా. చలి మొదలయ్యాక గుమ్మాలు తగలడం మొదలైంది."

"చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? చిన్నప్పటి నుంచీ గుడిలో అరువు తెచ్చిన బొమ్మలా కూర్చునేదానివి, పాటల పుస్తకంలో అచ్చుతప్పులు ఏరుకుంటూ. ఆ రోజు ఏడ్చావు. దారం ఎక్కించి తలెత్తితే అంత గుడిలో నాకు కనిపించింది నీ ముఖం ఒక్కటే. నేను నీకు తిండి పెట్టగలిగాను, చదివించగలిగాను. దేవుణ్ణి ఎక్కడి నుంచి తేను? ఇదుగో, దొరికాడు అనుకున్నా. నా కళ్ళు బాగాలేవని చెబితే నీకు మళ్ళీ పోతాడు. పోతే కళ్ళే పోనీలే అనుకున్నా."

"నువ్వు సంతోషంగా ఉన్నావని నేను ఊరుకున్నాను" అన్నాను.

"సరిపోయాం. ఇద్దరికి ఇద్దరం" అంది. నవ్వబోయింది, కుదరలేదు.

ఆ తర్వాత అమ్మ సంగతి ఎత్తింది. అది ఇక్కడ రాయను.

సంచిలోంచి సీసా తెచ్చాను. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కనురెప్ప కిందికి లాగి ఒక చుక్క వేశాను.

"అమ్మో, మండుతోందే!"

"మండనీ."

"రాక్షసి" అంది, రెండో కన్ను తెరుస్తూ.

ఫిబ్రవరి 26, సోమవారం

పెద్దమ్మ నా చీకటి గదిలో గడ్డం ఆనించింది. అందరికీ చెప్పేవే చెప్పాను. పసుపు చుక్కనే చూడు. వెతకొద్దు. కనిపిస్తే నొక్కు.

"కనిపించకపోతే?"

"ఊరుకో."

"ఊరుకుంటే నువ్వు బాధపడతావు."

"నా సంగతి వదిలెయ్. చుక్కని చూడు."

ఊరుకుంది. వెలుగులు వస్తున్నాయి, పోతున్నాయి. నాకు తెర మీద కనిపిస్తున్నాయి. మీట చప్పుడు లేదు. ఇంకా లేదు. నొక్కు పెద్దమ్మా, ఒక్కసారి నొక్కు అని లోపల అనుకున్నాను. ఒక్కటైనా ఉత్తినే నొక్కలేదు.

ఎడమ కన్ను అంతా నలుపు, నడుమ బొత్తాం అంత తెలుపు. కుడి కంటికి సగానికి పైగా మిగిలింది.

డాక్టరమ్మగారు కాగితం చూసి, పెద్దమ్మని చూసి, "పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నదాన్ని నిలబెడదాం. ఊరి నుంచి ఎప్పుడొచ్చారు?" అన్నారు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. నేను నేల చూశాను.

"మొన్న శనివారమండీ. చాలా దూరం వెళ్ళాను" అంది.

మార్చి 3, ఆదివారం

గుడి నిండిపోయి బయట కుర్చీలు వేశారు. అంగీలు బాగా కుదిరాయి. రాగాల ఆంటీ రెండు చేతులూ సమానంగా ఉన్నాయి.

పాస్టరుగారికి నేను ఏమీ చెప్పలేదు. పెద్దమ్మ చెప్పిందో లేదో తెలీదు. ఆయన మైకులో పిలిచి, పళ్ళెంలో సూదీ దారం పెట్టి అందించారు. ఆయన ముఖం చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు. పెద్దమ్మ దారం తడిపింది. ఎత్తింది. ఒక్కసారికే ఎక్కించింది. చప్పట్లు మొదలయ్యాయి.

"ఆగండి" అంది.

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు, వెనక నుంచి ముందుకు ఆగుతూ వచ్చాయి.

"ఇది నాకు జబ్బులోనూ చేతనయ్యేది. పోయినసారి కూడా నేను సూది బెజ్జం చూశాను గానీ మీలో ఆ పక్కనున్న సగం మందిని చూడలేదు. మంట పోయింది చుక్కలు మానేశాను గనక. మానేసినందుకు ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు మళ్ళీ వేసుకుంటున్నాను, బ్రహ్మాండంగా మండుతోంది." ఎవరో నవ్వబోయి ఆగారు. "పాస్టరుగారు నన్ను మానమనలేదు. నేనే మానాను. నేను చెప్పింది అబద్ధ సాక్ష్యం. తెలిసి మొదలుపెట్టలేదు, తెలిశాక ఆపలేదు. నా విషయంలో దేవుడు ఏం చేశాడో నాకింకా తెలీదు. తెలిస్తే వచ్చి చెబుతాను."

సూదిని పళ్ళెంలో పెట్టి మెట్లు దిగబోయింది. ఎడమవైపు మెట్టు అంచు చూడలేదు. పాస్టరుగారు పరుగున వచ్చి మోచెయ్యి పట్టుకున్నారు. దింపి, అలాగే పట్టుకుని నిలబడ్డారు. మైకు లేకుండానే, "నేను అడిగి ఉండాల్సింది" అన్నారు. ముందు రెండు వరసలకి వినబడి ఉంటుంది.

రాగాల ఆంటీ పాట ఎత్తుకుంది. శ్రుతి మరీ పైకి పోయింది, ఎవరూ అందుకోలేకపోయారు. ఆమె ఆపకుండా ఒక్కతే పాడింది.

బయటి సంఘాల వాళ్ళు కొందరు మధ్యలోనే లేచారు. "విశ్వాసం చాలలేదు పాపం" అని ఒకావిడ మాకు వినబడేలాగే అంది. మా పాత బల్ల ఖాళీగా ఉంటే వెళ్ళి కూర్చున్నాం. ఇప్పుడు నేను పెద్దమ్మకి ఎడమవైపు కూర్చోవాలి. ఇన్నేళ్ళూ కుడివైపు కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక వెనక బల్ల ఆవిడ ఒకరు పెద్దమ్మ చెవి దగ్గరకి వచ్చి, "నేను కూడా మానేశానక్కా. మీది చూసి" అంది. పెద్దమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. ఎల్లుండి ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వస్తారు.

నేను ఏడవలేదు. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తలుపు ఏదీ తెరుచుకోలేదు. అయినా అది ఎటువైపు ఉందో ఈ రోజు తెలిసినట్టుంది. లేదా అలసిపోయాను.

మార్చి 5, మంగళవారం

పెద్దమ్మ ఈ పొద్దున రెండు తెరలూ తీసింది. మొదటిది తీశాక చెయ్యి గోడ వెంబడి పాకించి రెండోదాన్ని వెతికి పట్టుకుంది.

ఆసుపత్రిలో వెనక బల్ల ఆవిడని చూపించాక, తన మందు చీటీ తీసుకుంటూ డాక్టరమ్మగారితో, "దీని కళ్ళు కూడా చూడండి. ఊళ్ళోవాళ్ళందరినీ కూర్చోబెడుతుంది, తను ఎప్పుడైనా కూర్చుందేమో అడగండి" అంది. కూర్చోలేదు. ఒక్కసారి కూడా.

డాక్టరమ్మగారే దీపం ఆర్పి యంత్రం నడిపారు. పెద్దమ్మ బయటికి పోనంది. మూల స్టూలు మీద కూర్చుంది.

నేను గడ్డం ఆనించాను. ప్లాస్టిక్కు చల్లగా ఉంది. ఇంతమందికి చెప్పాను గానీ ఇంత చల్లగా ఉంటుందని నాకు తెలీదు.

"పసుపు చుక్కనే చూడు" అంది చీకట్లోంచి పెద్దమ్మ. "వెతకొద్దట."

"మాట్లాడకూడదు పెద్దమ్మా."

"సగం ఎవరికీ కనిపించవట. కంగారుపడకు."

పసుపు చుక్కని చూశాను. చాలాసేపు ఏమీ లేదు. టక్ మంది, ఏమీ రాలేదు. వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు. మళ్ళీ ఏమీ లేదు. చాపెల్లో మధ్యాహ్నాలు ఇలాగే ఉండేవి. అడగకుండా కూర్చోవడం. ఈసారి అడుగుతూ కూర్చున్నాను, నోరు కదపకుండా. నువ్వున్నావనుకుంటాను. లేకపోతే ఇంతగా ఎవరి కోసం ఎదురుచూస్తున్నాను?

అప్పుడు ఎడమ అంచున, దాదాపు లేనట్టుగా, ఒకటి మిణుక్కుమంది.

నొక్కాను.

అయిపోయాక దీపం వేశారు. యంత్రం కాగితాన్ని మెల్లగా బయటికి నెడుతోంది. డాక్టరమ్మగారు దాన్ని ఇంకా చూడలేదు. నా పేరుతో కొత్త ఫైలు తెరిచి, కలం తీసి, మీ పెద్దమ్మకి కాక ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. పెద్దమ్మ స్టూలు మీద నుంచి లేచి వచ్చి నా భుజం పట్టుకుంది.

ఉందని చెప్పాను. నేను పుట్టేనాటికే మా అమ్మకి చూపు లేదు.